ఉత్తుత్తి కోర్టు, అసలు తీర్పు

ఎంట్రీ 1. జూన్, కాలేజీ తెరిచిన రోజు

ఇన్‌ఛార్జి డీన్ అయినవాళ్ళు లాగ్ రాయాలట. రాయకపోతే జీతం పడదట. సరే, రాస్తున్నాను.

నా పేరు తాడేల హైమావతి. తెప్పలూరు విశ్వవిద్యాలయం లా కాలేజీలో ఒప్పందాల చట్టం చెబుతాను. పాత డీన్ గారు పోయిన వారం రాజీనామా పడేసి, వాళ్ళ తమ్ముడితో కలిసి సముద్రనాచు వడియాల వ్యాపారంలో చేరిపోయారు. మిగిలింది నేనొక్కదాన్నే కనక కుర్చీ నాకొచ్చింది. మా అమ్మ మాత్రం నేనేదో పోటీలో గెలిచినట్టు వీధంతా చెప్పుకుంటోంది.

కుర్చీ వేడెక్కకముందే వీసీ శేషఫణి గారు పిలిచారు.

"హైమావతి గారూ, మీ కాలేజీలో విద్యార్థులు ఎంతమంది?"

"తొమ్మిది మందండీ."

"రొయ్యల విభాగంలో నాలుగొందల మంది. పాపం, వాళ్ళకి పిల్లల్ని పెట్టుకోవడానికి చోటు లేదు."

"ఎవరి పిల్లల్నండీ?"

"రొయ్యపిల్లల్నమ్మా." ఆయన నా వంక జాలిగా చూశారు. "మీ భవనం వాళ్ళకి ఇచ్చేద్దామని కౌన్సిల్ ఉద్దేశం. ఏప్రిల్ ఆఖరుకి లా కాలేజీ మూసేస్తాం. మీ తొమ్మిది మందినీ రొయ్యల్లో చేర్చుకుంటారు. ఈలోగా ఏదైనా ఘనకార్యం చేసి చూపిస్తే అప్పుడు ఆలోచిద్దాం."

ఒళ్ళు మండిపోయింది. కానీ ఏమనగలను? పొద్దున్నే మా వంటింట్లో పైవాళ్ళ కుళాయి నీళ్ళు కారుతుంటే గోడకి చెప్పాను. టీ పొంగేలోపు తీర్పరి, అదే మా ఊరి తగువులు తీర్చే యంత్రం, తీర్పు చెప్పేసింది, పైవాళ్ళ కుళాయి దానంతటదే కట్టుకుంది. ఊరి తలుపులూ, లిఫ్టులూ, పడవలూ, పొయ్యిలూ అన్నీ తీర్పరి మాటే వింటాయి. పోలీసు అక్కర్లేదు, ప్లీడరు అక్కర్లేదు. నాకు మాత్రం ఈ ఉద్యోగం కావాలి. ఆ పిల్లలకి కూడా ఈ కాలేజీ కావాలి. రొయ్యల్లో చేరడానికేనా తల్లిదండ్రులు వాళ్ళని ఇక్కడికి పంపింది?


ఎంట్రీ 2. జూలై

మొదటి సంవత్సరంలో సూరాడ మరిడమ్మ అని ఒక అమ్మాయి చేరింది. వేటపడవల వాళ్ళ పిల్ల, చురుకైంది. రోజూ మొదటి క్లాసుకి ఆలస్యమే. ఇవాళ ఇక ఊరుకోలేక నిలదీశాను.

"ఏమ్మా, నీకు గడియారం లేదా, భయం లేదా?"

"ప... ప... ప..."

"పని ఉందా? పస్తున్నావా? పడవ దొరకలేదా?"

"ప... పడవ దొరికింది మేడం. న... నా మాట కోసం ఆగలేదు."

మరిడమ్మకి నత్తి. ఎక్కగానే పడవ "ఎక్కడికి?" అని అడుగుతుంది. మూడు లెక్కపెట్టేలోపు రేవు పేరు చెప్పకపోతే తలుపు మూసేసుకుని తనకి తోచిన చోట దింపుతుంది. రాసి చూపిద్దామంటే యంత్రాలు మాట తప్ప ఏమీ తీసుకోవు. ఇవాళ ఆ పడవ ఈ పిల్లని చేపల బజారులో దింపింది. నిన్న శ్మశానం రేవులో దింపిందట.

"తీర్పరికి చెప్పుకోలేదా?"

"చ... చెప్పుకోబోయాను మేడం. అది కూడా మూడు లెక్కపెట్టింది."

క్లాసంతా ఘొల్లుమంది, ముందుగా నవ్వింది మరిడమ్మే. జిలానీ ఒక్కడు నవ్వలేదు. రెండో సంవత్సరం కుర్రాడు, నోరు తెరిస్తే ఎదుటివాడికి చుక్కలు చూపిస్తాడు. "మేడం, దీన్నే ఉత్తుత్తి కోర్టులో కేసుగా పెడదాం. పడవ తరఫున నేను వాదిస్తా," అన్నాడు.

ఉత్తుత్తి కోర్టు అంటే మా పిల్లలు వాదన నేర్చుకునే ఆట. పెద్ద హాల్లో నల్లగౌన్లు వేసుకుని లేని కేసులు వాదిస్తారు. కొన్నేళ్ళుగా ఎవరూ గౌన్లు కూడా వేసుకోవడం లేదు, చొక్కాలు టక్ చేస్తే అదే గొప్ప. నేను డీన్‌గా ఉండగా అలా కుదరదని చెప్పేశాను. ఆడేది ఆటైనా సరే, పిలుపు నుంచి ముద్ర దాకా అన్నీ పద్ధతిగా జరగాల్సిందే.


ఎంట్రీ 3. ఆగస్టు, ఉత్తుత్తి కోర్టు రోజు

ఎంత బాగా జరిగిందో! మరిడమ్మ ప్రయాణికురాలి తరఫున నిలబడింది. ఒక్కో మాట రావడానికి టైం పట్టింది, కానీ వచ్చిన ప్రతి మాటా పనికొచ్చేదే. జిలానీ పడవ తరఫున ఉతికి ఆరేశాడు. జడ్జిని నేనే. బల్ల మీద ఇత్తడి ముద్ర ఒకటి ఏళ్ళ తరబడి దుమ్ము కొట్టుకుపోయి ఉంటే చింతపండు పెట్టి తోమించాను. తళతళలాడింది.

తీర్పు గట్టిగా చదివాను. "మనిషి మాట ముగిసేదాకా ఏ యంత్రమూ తలుపు మూయరాదు, కదలరాదు." ముద్ర ఎత్తి ధన్‌మని దించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. గోడలోంచి ఎవరో "అందింది" అన్నట్టు వినిపించింది. పక్కన రొయ్యల విభాగం వాళ్ళ మైకు అనుకున్నాం.


ఎంట్రీ 4. మర్నాడు

మైకు కాదు.

మా హాలు ఒకప్పుడు తెప్పలూరుకి నిజం కోర్టట. తీర్పరి రాకముందు ఊరి మొదటి న్యాయస్థానం అదే. తీర్పరి వచ్చాక జడ్జిలు ఇంటికి వెళ్ళిపోయారు, హాలు మాకిచ్చారు. కానీ ఆ ముద్రకీ తీర్పరికీ ఉన్న తీగ తెంపడం ఎవరికీ గుర్తులేదు. ఇన్నేళ్ళూ ఎవరూ ముద్ర వెయ్యలేదు కనక సరిపోయింది. పద్ధతి, పద్ధతి అని నేను చింతపండు పెట్టి మరీ తోమించాను కదా!

పొద్దున రేవుకి వెళ్తే మొదటి పడవే కదల్లేదు. గట్టు మీద ఒకావిడ, పడవలో ఆవిడ వియ్యపురాలు. "సరే వదినా, ఉంటాను మరి." "మంచిది వదినా. అన్నట్టు, ఆ ఊరగాయ..." "ఆఁ, అది చెప్పడం మరిచేపోయాను..." తలుపు తెరుచుకునే ఉంది. పడవ మర్యాదగా నించునే ఉంది. వెనక ఇంకో పడవ, దాని వెనక ఇంకోటి. వెళ్ళొస్తానని చెప్పాక అరగంట మాట్లాడటం మన రక్తంలో ఉంది. ఊళ్ళో ఎవరి మాటా పూర్తి కాదు. ఎవరి మాటా పూర్తి కాకపోతే ఊళ్ళో ఏదీ కదలదు.

లిఫ్టులూ అంతే. బ్యాంకు తలుపు మూసుకోక గుమాస్తా అక్కడే కాపలా పడుకున్నాడు. మధ్యాహ్నానికి రొయ్యల విభాగం హెడ్డు పెన్మెత్స నరసరాజు గారు ఊడిపడ్డారు, మోకాళ్ళ దాకా బురద.

"ఏంటండీ మేడంగారూ ఇది! చెరువు తూము దగ్గర మా కుర్రోళ్ళు క్రికెట్ గురించి మాట్టాడుకుంటున్నారండీ. తూము మూసుకోదండీ! రొయ్యలన్నీ సముద్రంలోకి పోయాయండీ, ఆయ్!"

"మాట్లాడటం ఆపమని చెప్పలేకపోయారా?"

"చెప్పానండీ. నేను చెప్తున్నంతసేపూ కూడా తూము మూసుకోలేదండీ."

నాకు నవ్వాగలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి ఆపుకున్నాను.

తీర్పరిని అడిగాను, పొరపాటైంది తల్లీ, వెనక్కి తీసుకో అని. నేను చెప్పడం పూర్తయ్యేదాకా ఓపిగ్గా వింది. ఇప్పుడు అదీ వినాలిగా మరి! తర్వాత ఇలా అంది: "ముద్ర పడిన తీర్పును అదే కోర్టు పునర్విచారణ చేయాలి. రెండు వైపులా మనుషులే వాదించాలి. లా కాలేజీ డీన్ తీర్పు చెప్పాలి. అప్పటిదాకా అమల్లో ఉంటుంది."

ఊరంతా వెతికినా వాదించడం వచ్చినవాళ్ళు నా తొమ్మిది మందే.


ఎంట్రీ 5. ఆగస్టు చివర

వీసీ గారు పడవ కదలక, పలకల వంతెన మీదుగా నడిచి వచ్చారు. చెమటలు కక్కుతున్నారు. కూర్చోమని మజ్జిగ ఇచ్చాను.

"హైమావతి గారూ, ఈ తీర్పు కొట్టేయండి. మొత్తంగా, చప్పుడు లేకుండా. మీ కాలేజీకి ఇంకో అయిదేళ్ళు రాసిస్తాను."

గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది. అయిదేళ్ళు! ఏప్రిల్‌లో మూతపడే కాలేజీ!

"రెండు వైపులా వాదనలు వినాలి కదండీ."

"వినండి. ఎవరొద్దన్నారు? ఆ అమ్మాయిని కాస్త మెత్తగా వాదించమనండి, అంతే. మీ మాట కాదంటుందా?"

ఆయన వెళ్ళాక మరిడమ్మని పిలిచాను. ఏం చెప్పాలో నాకే తెలియలేదు. ఊరంతా ఆ తీర్పు పోవాలంటోంది. పోతే కాలేజీ నిలబడుతుంది, మిగతా ఎనిమిది మంది పిల్లల చదువు నిలబడుతుంది, నా ఉద్యోగం నిలబడుతుంది. నష్టపోయేది ఈ ఒక్కతే.

"కూర్చోమ్మా. ఈ మధ్య టైంకి వస్తున్నావే?"

"ప... పడవ ఆగుతోంది మేడం." ముఖం వెలిగిపోతోంది. "నిన్న మొదటిసారి లిఫ్టుకి నేనే చెప్పాను, ప... పై అంతస్తుకి అని. మ... మా అమ్మ చెప్పక్కర్లేకుండా. చ... చిన్నప్పట్నించీ నా తరఫున అమ్మే..."

"అమ్మే చెప్పేది," అన్నాను.

మరిడమ్మ చెయ్యెత్తింది, ట్రాఫిక్ పోలీసులా. "మేడం. న... నా మాట నన్నే పూర్తి చెయ్యనివ్వండి."

సిగ్గేసింది. పూర్తి చెయ్యనిచ్చాను. ఆ తర్వాత నా నోటికి మెత్తగా వాదించు అన్న మాట రాలేదు. నువ్వు గట్టిగా చదువుకో, జిలానీ ఊరుకోడు అని మాత్రం చెప్పి పంపేశాను. పంపేశాక చాలాసేపు నన్ను నేనే తిట్టుకున్నాను. ఎందుకు తిట్టుకున్నానంటే, ఆ అయిదేళ్ళ మీద నాకింకా ఆశ పోలేదు.


ఎంట్రీ 6. సెప్టెంబరు, పునర్విచారణ

హాలు కిటకిటలాడిపోయింది. కిటికీల మీద కూడా జనమే. వీసీ గారు ముందు వరసలో, నరసరాజు గారు ఆయన పక్కన. మా అమ్మ వేరుశనక్కాయల పొట్లంతో వచ్చి కూర్చుంది, సినిమాకొచ్చినట్టు.

కుర్చీలో కూర్చున్నాను. వాదనలు మొదలవకముందే చెప్పేశాను.

"ఒక మాట. ఈ తీర్పు కొట్టేస్తే మా కాలేజీకి అయిదేళ్ళు ఇస్తామని వీసీ గారు నాతో అన్నారు. అంటే, ఒక వైపు తీర్పు చెబితే నాకు లాభం. నేను ఈ కుర్చీలో కూర్చోవడం ఇష్టం లేనివాళ్ళు ఇప్పుడే చెప్పండి."

హాలు గుసగుసలాడింది. వీసీ గారి చెవులు ఎర్రబడ్డాయి. జిలానీ లేచి, "మాకు అభ్యంతరం లేదు మేడం," అన్నాడు. మరిడమ్మ కూడా అభ్యంతరం లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. అయిదేళ్ళకి నీళ్ళు వదిలేసుకున్నాను.

జిలానీ మొదలుపెట్టాడు. రేవులో కుళ్ళిపోయిన చేపలు, రాత్రంతా మూసుకోని బ్యాంకు, సముద్రంలో కలిసిన రొయ్యలు. నరసరాజు గారు కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. ఆఖర్న జిలానీ గొంతు తగ్గించాడు.

"మా పిన్నిని ఆస్పత్రికి తీసుకెళ్తే, లిఫ్టు బయట పరామర్శకి వచ్చినవాళ్ళు మాట్లాడుతూనే ఉన్నారు. లిఫ్టు కదల్లేదు. మా పిన్ని స్ట్రెచర్ మీద నొప్పితో మూలుగుతూనే ఉంది. ఇది నవ్వులాట కాదు మేడం. ఈ తీర్పు పోవాలి."

ఎవరూ నవ్వలేదు. మరిడమ్మ లేచింది. మొదటి మాట రావడానికి చాలాసేపు పట్టింది. జనంలో ఎవరో దగ్గారు, ఇంకెవరో "కానీవమ్మా" అన్నారు. నేను బల్ల మీద కొట్టి ఊరుకోమన్నాను.

"జ... జిలానీ వాళ్ళ పిన్ని ఒక పూట అ... అలా ఉండిపోయింది. అది తప్పే. న... నేను పదిహేడేళ్ళుగా అలాగే ఉన్నాను. అది తప్పని ఇ... ఇంతవరకూ ఎవరూ అనలేదు."

మా అమ్మ వేరుశనక్కాయలు నమలడం ఆపేసింది.

"సరేనమ్మా," అన్నాను. "కానీ ఊరంతా నోరు మూసుకోవాలా, లేకపోతే ఊరంతా ఆగిపోవాలా? దారేదైనా ఉంటే నువ్వే చెప్పు."

మరిడమ్మ తలెత్తింది.

"త... తలుపుతో మాట్లాడేవాళ్ళ కోసం తలుపు ఆగితే చాలు మేడం. వ... వియ్యపురాలితో మాట్లాడేవాళ్ళ కోసం అక్కర్లేదు."

హాలు ఒక్కసారిగా నవ్వింది. జిలానీ కూడా నవ్వుతూనే లేచాడు. "ఇది ముందే చెప్పొచ్చుగా మరిడీ! మేడం, దీనికి నా వైపు నుంచి అభ్యంతరం లేదు."

తీర్పు మార్చి రాశాను. తనతో మాట్లాడుతున్న మనిషి మాట ముగిసేదాకా ప్రతి యంత్రమూ ఆగాలి. మనుషులు తమలో తాము మాట్లాడుకునే కబుర్లతో దానికి పనిలేదు. ముద్ర వేశాను. "అందింది," అంది గోడ.

వీసీ గారు నాతో మాట్లాడకుండానే వెళ్ళిపోయారు.


ఎంట్రీ 7. ఫిబ్రవరి

ఎన్ని రోజులైందో లాగ్ రాసి! తీరిక ఉంటేగా. ఆ రోజు నుంచీ మా గుమ్మం దగ్గర జనమే. తీర్పరి తీర్పు చెప్పింది కానీ తమ గోడు వినలేదనేవాళ్ళు, విన్నది కానీ అర్థం చేసుకోలేదనేవాళ్ళు, ఊరికే మనిషితో చెప్పుకుందామని వచ్చినవాళ్ళు. పిల్లలు తొమ్మిది మందీ రాసుకుంటారు, వాదించుకుంటారు, నా బుర్ర తింటారు. వచ్చే ఏడాది చేరతామని అడిగేవాళ్ళకి లెక్కలేదు. ఘనకార్యమంటే ఇంకేం చెయ్యాలి?

కానీ ఇవాళ కౌన్సిల్ ఉత్తర్వు వచ్చింది. లా కాలేజీ ఏప్రిల్ ఆఖరి రోజు సాయంత్రం మూతపడుతుంది. గేటు దానంతటదే మూసుకుంటుంది, మళ్ళీ మా పేరు మీద తెరుచుకోదు. కింద వీసీ గారి సంతకం. పగ తీర్చుకున్నారు మహానుభావుడు.

పిల్లలకి చదివి వినిపించాను. గదిలోకొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. బయటికొచ్చేసరికి జిలానీ, మరిడమ్మ ఉత్తర్వు ముందేసుకుని తలలు దగ్గర పెట్టి కూర్చున్నారు.

"మేడం," అన్నాడు జిలానీ, "గేటు కూడా యంత్రమే కదా?"


ఎంట్రీ 8. ఏప్రిల్ ఆఖరి రోజు

పొద్దున్నే అందరం గేటు ముందు చేరాం. మధ్యాహ్నానికి నరసరాజు గారు రొయ్యపిల్లల తొట్టెలు బండ్ల మీద వేయించుకుని స్వాధీనం చేసుకోవడానికి వచ్చి, గట్టు మీద కూర్చున్నారు.

సాయంత్రం కాగానే గేటు కదిలింది. జిలానీ ఎదురెళ్ళాడు. "ఓ గేటూ, నీతోనే మాట్లాడుతున్నాను. నాకు అభ్యంతరాలున్నాయి. మొదటిది..." గేటు టక్కున ఆగింది. మా తీర్పు కదా!

జిలానీ గొంతు పోయాక ఇంకొకడు అందుకున్నాడు. వాడి తర్వాత ఇంకొకతి. నేను ఒప్పందాల చట్టం మొదటి అధ్యాయం నుంచి చెప్పాను, గేటంత శ్రద్ధగా విన్న విద్యార్థి నాకెప్పుడూ దొరకలేదు. దగ్గొచ్చి నేను ఆగబోతుంటే నరసరాజు గారు గబుక్కున లేచారు.

"అయ్యా గేటుగారూ, రొయ్యలకి తెల్లమచ్చ తెగులు ఎలా వస్తుందో చెప్తాను, వినండి, ఆయ్!"

"రాజు గారూ, మీరా!"

"ఏం చెయ్యమంటారండీ? తొట్టెలు ఇంకోచోట పెట్టుకోవచ్చండీ. మా మనవరాలు మీ కాలేజీలో చేరతానంటోందండీ."

అప్పుడు వచ్చారు వీసీ గారు. విషయం విని నేరుగా గేటు మీద పడ్డారు. "ఏమిటీ నాటకం? మూసుకో! నేను వైస్ ఛాన్సలర్‌ని! కౌన్సిల్ ఉత్తర్వు ఉంది! వింటున్నావా లేదా?" గేటు వింటోంది. ఆయన అరిచినంతసేపూ బుద్ధిగా వింటూ తెరుచుకునే ఉంది. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఆయనకి సంగతి అర్థమై ఠక్కున నోరు మూసుకున్నారు.

మా ఎవరికీ గొంతుల్లేవు. రాజు గారు కూడా తెగులు ముగించేశారు. గేటు మళ్ళీ కదిలింది.

పొద్దున్నించీ ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్న మరిడమ్మ లేచి వెళ్ళి గేటు ముందు నిలబడింది. నోరు తెరిచింది. మాట రాలేదు. పెదాలు కదులుతున్నాయి, మెడ నరాలు బిగుసుకున్నాయి, చప్పుడు మాత్రం లేదు. గేటు సగం మూసుకుంది. నా నోట్లోకి ఆ అమ్మాయి చెప్పబోయే మాట వచ్చేసింది. పళ్ళు బిగపట్టుకున్నాను.

గేటు ఆగింది.

"ఏమీ అనలేదుగా ఆ అమ్మాయి! ఎందుకాగింది?" అన్నారు వీసీ గారు.

"చెప్పబోతోంది," అంది గేటు. "వింటున్నాను."

వీసీ గారు గేటుని చూశారు, మరిడమ్మని చూశారు. తర్వాత రొయ్యల తొట్టె అంచు మీద మెల్లగా కూర్చున్నారు. మొదటి మాట వచ్చింది, దాని వెంట రెండోది వచ్చింది. శ్మశానం రేవు నుంచి మొదలుపెట్టి, కోర్టులో నిలబడ్డ రోజు దాకా చెప్పింది. తర్వాత మా గుమ్మం దగ్గరికి వచ్చినవాళ్ళ కేసులు ఒక్కొక్కటీ చెబుతుంటే వీసీ గారు మధ్యలో ఒకట్రెండు ప్రశ్నలు కూడా అడిగారు. తెల్లారి దీపాలు ఆరే వేళకి ఆయన లేచి పంచె దులుపుకున్నారు.

"మిగతాది కౌన్సిల్ ముందు చెబుదువుగానిలే అమ్మా. నువ్వు చెప్పడం అయ్యేదాకా ఈ కాలేజీ మూయను. సరేనా?"

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. జిలానీ మిగిలిన కాస్త గొంతుతో అడిగాడు.

"మరిడీ, అంతా చెప్పడానికి ఎంతసేపు పడుతుందంటావ్?"

మరిడమ్మ తీరిగ్గా ఆలోచించింది.

"చ... చ... చాలా ఏళ్ళు," అంది.